శుక్రవారం నాటి సగం చాయ్

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలు అయ్యేసరికి వీరలక్ష్మి చేతుల్లోకి ఒక తొందర వచ్చేది. గిన్నెలు కడిగేది. యజమాని పొడుగాటి తెల్ల అంగీలు ఇస్త్రీ చేసి కొక్కేలకు తగిలించేది. తరవాత పిల్లల సంచి సర్దేది. తడి రుమాళ్లు, లుల్వాకు ఒక జత బట్టలు, చిన్నవాడి పాలసీసా, చిన్న డబ్బాలో కోసిన కీరా ముక్కలు. సంచి అడుగున, ఎవరికీ కనపడకుండా, ఒక ఖాళీ పేపరు కప్పు.

ఆ కప్పు సగం చాయ్ కోసం.

ఇల్లు బహ్రెయిన్‌లోని హమద్ టౌన్‌లో, పన్నెండో రౌండబౌట్ దాటాక కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు పక్క సందులో ఉంది. ఇంటావిడ పేరు నజాత్, బ్యాంకులో ఉద్యోగం. భర్త విమానాశ్రయంలో పనిచేస్తాడు. వాళ్ల పెద్దపిల్ల లుల్వా బడికి వెళ్లడం ఈ ఏడే మొదలుపెట్టింది. చిన్నవాడు ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. శుక్రవారం సాయంత్రం అందరూ మాల్‌కు వెళ్లడం ఆ ఇంటి అలవాటు. చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకునే రోజుల్లో తప్ప ఆ అలవాటు తప్పదు. భార్యాభర్తలు కింద హైపర్ మార్కెట్‌లో ట్రాలీ నింపుతారు, బట్టల షాపులు చూస్తారు. వీరలక్ష్మి పిల్లలను తీసుకుని పై అంతస్తులో ఫుడ్‌కోర్టుకు పోతుంది. అక్కడ పిల్లలు ఆడుకునే జారుడుబల్లలు, రంగు బంతుల తొట్టి ఉన్నాయి. పక్కనే బల్లలు. చిన్నవాడు బండిలో నిద్రపోతాడు, లుల్వా బంతుల్లో మునుగుతుంది. ఆ గంటసేపు వీరలక్ష్మి కూర్చునే బల్ల దగ్గరకు బుజ్జిబాబు వచ్చేవాడు.

బుజ్జిబాబు ఆమె భర్త. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

వాళ్లది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. పెళ్లికి ముందు వీరలక్ష్మి పీచు ఫ్యాక్టరీలో తాడు పేనేది. బుజ్జిబాబు ఇళ్లకు సున్నాలు వేసేవాడు. ముందు అతను బహ్రెయిన్ వచ్చాడు. హెల్పరుగా చేరి, పాకిస్తానీ ఫోర్‌మన్ చేతులు చూసి చూసి జిప్సం బోర్డు సీలింగు పని నేర్చుకున్నాడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. లెవెల్ దారం ఎలా లాగాలో, అతుకు మీద టేపు ఎంత నొక్కాలో, పుట్టీ ఎప్పుడు ఆపాలో చూసి పట్టుకున్నాడు. "సీలింగు బాగా కుదిరితే ఎవుడూ తలెత్తి సూడడు. అతుకు కనపడితేనే సూత్తాడు" అనేవాడు. 

కూతురు స్పందన హైస్కూలుకు వచ్చాక ఇద్దరి సంపాదనా కావాల్సి వచ్చింది. వీరలక్ష్మి ఇంటిపనికి వస్తానంది. అమలాపురంలో ఏజెంటు ముందే హెచ్చరించాడు.

"మొగుడు కూడా ఆ దేశంలోనే ఉన్నాడంటే ఏ ఇంట్లోనూ పెట్టుకోరమ్మా. ఇవ్వాళ కాకపోతే రేపు పారిపోతావనుకుంటారు. ఊళ్లో ఉన్నాడని చెప్పు. అడిగినప్పుడల్లా అదే చెప్పు."

ఆమె అదే చెప్పింది. మొదట్లో భర్తను చూడటానికి చెత్త పారేసే వేళే దిక్కు. కోల్డ్ స్టోర్ ముందు కార్లు ఆగి సరుకు కోసం హారన్ కొడుతుంటే, ఆ మోతలో అతను చెప్పేది ఈమెకు వినపడేది కాదు. పక్కింటి కిటికీల భయం వేరే. మాల్ సంగతి తెలిశాక అతను రెండు బస్సులు మారి రావడం మొదలుపెట్టాడు. మాల్‌లో చల్లగా ఉంటుంది, వైఫై ఊరికే వస్తుంది. అక్కడి నుంచి వీడియో కాల్ చేస్తే, ఊళ్లో పెద్దమ్మ ఇంట్లో ఉంటున్న స్పందనకు అమ్మ, నాన్న ఒకే తెరలో కనపడేవారు. వారం మొత్తంలో ఆ పిల్లకు తల్లీ తండ్రీ కలిసి కనపడేది ఆ ఒక్కసారే.

"కొంచెం దగ్గరికి జరగండి. నాన్న చెవి కట్ అయిపోతంది" అనేది స్పందన.

"నా చెవి నీకెందుకే? నీకు ఇచ్చేశానుగా, నీ మొకానికి అవే చెవులు" అనేవాడు బుజ్జిబాబు.

నజాత్ ఒకరోజు తొందరగా పైకి వచ్చి అతన్ని చూసింది. ఎవరని అడిగింది. వీరలక్ష్మి వచ్చీరాని అరబ్బీలో, "ఇబ్న్ ఖాల్" అంది. మేనమామ కొడుకు. అందులో అబద్ధం లేదు. బుజ్జిబాబు నిజంగానే ఆమె మేనమామ కొడుకు, పుట్టినప్పటి నుంచి బావే. నజాత్ తలూపింది. టీవీలో డబ్బింగ్ చేసి వచ్చే హిందీ సీరియళ్లు ఆమె చాలా చూసింది. ఆ సీరియళ్లలో మేనమామ కొడుకంటే అన్న. అన్నతో కూర్చుని చాయ్ తాగితే తప్పేముంది అనుకుంది.

"సూశావా, ఒక్క ముక్కతో తేల్చేశావు" అన్నాడు బుజ్జిబాబు ఆ రోజు, పొంగిపోతూ.

అయినా వీరలక్ష్మి జాగ్రత్త తగ్గించలేదు. భార్యాభర్తల్లా కనపడకూడదని బల్లకు అటొకరు ఇటొకరు కూర్చునేవారు. ఒకే కరక్ చాయ్, ఏలకులు వేసి చిక్కగా మరిగించినది, కొనేవారు. అతను ఒక గుక్క తాగాక, ఆమె సంచిలోంచి తన కప్పు తీసి సగం ఒంపుకునేది. ఊళ్లో అయితే అతను తాగి వదిలిన గ్లాసులోదే తాగేది. ఎంగిలి పంచుకునేది మొగుడితోనూ పిల్లలతోనూ మాత్రమేనని ఎవరికి తెలియదు? కాబట్టి ఇక్కడ ఆ కప్పు.

ఒక్క లుల్వా దగ్గర మాత్రం జాగ్రత్త పనిచేయలేదు. ఓసారి వీడియో కాల్ మధ్యలో పరుగెత్తుకొచ్చి తెరలోకి తొంగి చూసింది.

"ఎవరు?" అంది.

"నా పాప."

"మరి ఇతను?"

వీరలక్ష్మి తన పెదవుల మీద వేలు పెట్టి, "మమ్మీకి చెప్పకు" అంది. వేయించిన బంగాళాదుంప ముక్క ఒకటి పిల్ల చేతిలో పెట్టింది. ఆ తరవాతి శుక్రవారం నుంచి లుల్వాకు అదో ఆట అయింది. బంతుల తొట్టిలోంచి తల పైకెత్తి, వీళ్లిద్దరినీ చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని పకపకా నవ్వేది. వీరలక్ష్మి కూడా వేలు పెట్టి చూపించేది. ఆ నవ్వుకు ముచ్చటపడేది కూడా.

రెండేళ్లు ఇలా సాగింది.

ఈ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో బుజ్జిబాబు కంపెనీకి కొత్త పని వచ్చింది. కార్మికుల క్యాంపులో అతని పక్క మంచం కిషన్‌ది. నిజామాబాద్ మనిషి, అదే కంపెనీలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"ఏంది బుజ్జన్నా, నీ అత్తగారిల్లు మనమే కూలగొడుతున్నమంట గదా!"

"ఏ అత్తగారిల్లురా?"

"గదే, శుక్రారం శుక్రారం సెంటు కొట్టుకొని పోతవు సూడు, గా ఫుడ్‌కోర్టు. ఖలాస్. వచ్చే వారం బోర్డులు కొట్టి మూసుడే. సీలింగ్ మొత్తం పీకి కొత్తది ఎయ్యాలె. లిస్టుల నీ పేరు మొదలే ఉన్నది."

బుజ్జిబాబు మంచం మీద కూర్చుండిపోయాడు.

"మళ్లీ ఎప్పుడు తెరుత్తారు?"

"ఎండకాలం అయినంక అంటుండు ఫోర్‌మన్. ఆయన మాట ఏనాడు నిజమైంది? అన్నా, నా మాటిను. గా మేడమ్‌కు నిజం చెప్పుమను వదినెను. మొగుడే గదా, దొంగతనమా?"

"పంపేత్తే?"

"పంపిస్తే పంపిస్తది. ఎన్నొద్దులు ఈ దాగుడుమూతలు? మీ పెండ్లికి నూరు మంది సాక్షులు ఉన్నరు. బహ్రెయిన్‌ల ఒక్క మేడమ్‌కు తెల్వద్దంట!"

బుజ్జిబాబుకు నవ్వు రాలేదు.

ఆ శుక్రవారం ఇంట్లోంచి కారు బయలుదేరేటప్పుడు ఒక మనిషి ఎక్కువైంది. నజాత్ తల్లి మోకాలి ఆపరేషన్ చేయించుకుని కూతురి దగ్గర ఉండటానికి వచ్చింది. పిల్లలు ఆమెను యుమ్మా, అంటే అమ్మ, అని పిలుస్తారు, వీరలక్ష్మీ అలాగే అనేది. కింద బట్టల షాపులో కూతురితో ఉంటానంది యుమ్మా. వీరలక్ష్మి ఎప్పటిలాగే పైకి వెళ్లింది.

ఫుడ్‌కోర్టు చివర అప్పుడే తెల్ల బోర్డులు నిలబెడుతున్నారు. కొన్ని దుకాణాలు షట్టర్లు దించేశాయి. బుజ్జిబాబు చాయ్ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"మొకం అలా ఎట్టావేంటి బావా?"

"ఇదే ఆఖరి శుక్రారం. అంతా మూసేత్తన్నారు."

"ఎవరు?"

"మేమే. మా కంపెనీయే."

ఆమె తలెత్తి సీలింగు చూసింది. మళ్లీ అతని వంక చూసింది.

"అంటే నువ్వే పీకుతావా?"

"నేను పీక్కపోతే ఇంకోడు పీకుతాడు."

"బానే ఉంది. మరి పిల్లకి ఏం చెబుదాం? వచ్చే వారం నుంచి నాన్న ఒక పెట్టిలో, అమ్మ ఒక పెట్టిలో కనపడతారనా?"

"వీళ్లు వేరే మాల్‌కి వెళ్తారేమో కనుక్కో."

"పిల్లలకి ఇక్కడ ఆట లేకపోతే సముద్రం ఒడ్డుకే వెళ్దామంటాడు అయ్యగారు. అక్కడ నలుగురూ ఒకే చాప మీద కూకుంటారు. నువ్వెక్కడికి వత్తావు? చేపలా తేల్తావా?"

"అయితే చెప్పెయ్యి."

"ఏమని?"

"నా మొగుడని."

"నీకేం, చెప్పేత్తావు. చెప్పాల్సిన నోరు నాది. ఆవిడ నన్ను నమ్మి పిల్లల్ని ఒదిలేసింది."

"నేను మేనమామ కొడుకుని కానా ఏంటి? అబద్ధం ఆడలేదుగా?"

"ఈ తెలివి పెళ్లిసూపుల్లో ఉంటే బావుండేది."

"పెళ్లిసూపులెక్కడివే మనకి? ఊసులాడుకుంటా పెరిగాం."

ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అతని ముందున్న కప్పు తీసుకుని గబగబా తాగింది. సంచి అడుగున ఖాళీ కప్పు అలాగే ఉంది. కళ్లు తుడుచుకుని, మిగిలిన నాలుగు గుక్కలు అతని ముందుకు తోసింది. అతను తాగాడు.

అప్పుడు చూసింది వీరలక్ష్మి. లిఫ్టు పక్కన చక్రాల కుర్చీలో యుమ్మా ఉంది. కూర్చుని అలసిపోయానంటే నజాత్ పైకి తీసుకొచ్చింది. బంతుల తొట్టిలో లుల్వా వీళ్లనే చూస్తూ పెదవుల మీద వేలు పెట్టుకుని నవ్వుతోంది. యుమ్మా ఆ పిల్లను చూసింది, కప్పును చూసింది, బుజ్జిబాబును చూసింది.

"వాడెవడు?" అని కూతుర్ని అడిగింది.

"ఆమె మేనమామ కొడుకు, యుమ్మా. అన్నలాంటివాడు."

"మేనమామ కొడుకు అన్న ఎలా అవుతాడు?" ముసలావిడ గొంతు చుట్టుపక్కల బల్లలకు వినపడింది. "పెళ్లి చేసుకోదగ్గవాడు అవుతాడు. దాని మొగుడు ఇండియాలో ఉన్నాడన్నావు. ఇదేమో వీడి కప్పులో తాగుతోంది. నీ పిల్లల ముందు!"

నజాత్ ముఖం పాలిపోయింది. ఆమెకు తన కుటుంబంలోనే అలాంటి పెళ్లిళ్లు ఎన్నో తెలుసు. కానీ ఇండియా వాళ్లలో ఉండవనుకుంది. వీరలక్ష్మీ బుజ్జిబాబూ అంతే. ఈ ఆచారం తమ వైపు మాత్రమే ఉందనుకున్నారు. మేనమామ కొడుకంటే ఇక్కడ చుట్టరికమే చూస్తారనుకున్నారు, పెళ్లి చేసుకోదగ్గ మగవాడని చూస్తారని వాళ్లకు తట్టలేదు. దాచుకోవడానికి ఎంచుకున్న మాటే భార్యాభర్తలని ఒప్పుకోవడం కంటే ఎక్కువ తప్పుగా కనపడింది.

"సంచి తీసుకో. వెళ్దాం" అంది నజాత్.

బుజ్జిబాబు లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. వీరలక్ష్మి వద్దన్నట్టు చూసింది. కారులో ఆమె ఒళ్లో ఫోను మోగుతూనే ఉంది. స్పందన. శుక్రవారం మాట్లాడుకునే వేళ దాటిపోయిందని మళ్లీ మళ్లీ చేస్తోంది.

ఇంటికి వచ్చాక నజాత్ వంటింట్లోకి వచ్చింది. యుమ్మా కుర్చీ గుమ్మంలో ఆగింది.

"నేను నీ తల్లిని కాను, నీ మగవాళ్లతో నాకు పని లేదు" అంది నజాత్. "కానీ నా ఇంట్లో ఉండి ఇలాంటి పని... రేపు నీ టికెట్ చూడమని మా ఆయనకు చెబుతాను."

ఇక మిగిలినవి రెండు దారులు. ఊరుకుంటే చెడ్డ మనిషి అయి పోవాలి. చెబితే అబద్ధాల మనిషి అయి పోవాలి. వీరలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అతను నా మొగుడు మేడమ్."

"మేనమామ కొడుకన్నావు!"

"అదీ నిజమే. మేనమామ కొడుకే నా మొగుడు. ఊళ్లో ఉన్నాడన్నదే అబద్ధం. మీరు పెట్టుకోరని చెప్పలేదు."

"ఇప్పుడు ఏదైనా చెబుతావు."

అప్పుడే మళ్లీ ఫోను మోగింది. యుమ్మా చెయ్యి చాపింది. "ఎత్తు. ఇలా చూపించు."

వీరలక్ష్మి ఫోను ఎత్తి ఆమె ముందు పెట్టింది. స్పందన విసుగ్గా, "అమ్మా! ఎన్నిసార్లు చెయ్యాలి? నాన్నేడీ?" అంటూనే ఎవరో ముసలావిడను చూసి ఆగిపోయింది. యుమ్మా ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ పిల్లను అటూ ఇటూ పరీక్షగా చూసింది. గొంతులోంచి నవ్వు వచ్చింది.

"వాడి చెవులే. అచ్చం వాడి చెవులే, పాపం" అంది. "నజాత్, మీ నాన్న నాకేమవుతాడు? మా మేనమామ కొడుకు కాడూ? ఓ పిల్లా, ఈ ముక్క అక్కడే చెబితే రెండు చాయ్‌లు నేనే తెప్పించేదాన్ని కదా!"

వీరలక్ష్మికి ఒక్కసారి ఊపిరి వచ్చినట్టయింది. నజాత్ నవ్వలేదు. ఆమె వేరే ఏదో ఆలోచిస్తోంది.

"లుల్వాకు తెలుసా?" అని అడిగింది.

వీరలక్ష్మి ఫోను తీసుకుని, "తరవాత చేత్తానే" అని కాల్ ఆపేసింది.

"ఆ వేలు. నోటి మీద వేలు పెట్టుకుంది. చాలాసార్లు చూశాను. ఆట అనుకున్నాను. నువ్వు నేర్పావా?"

"ఒక్కసారి మేడమ్... భయమేసి..."

"మొగుడి సంగతి మరిచిపోతాను. మొగుడు ఉండటం తప్పు కాదు, ముందే అడిగితే ఏమనేదాన్నో నాకూ తెలియదు. కానీ నా కూతురికి నా దగ్గర దాచడం నేర్పావు. రేపు ఇంకెవరో చెడ్డవాడు మమ్మీకి చెప్పకు అంటే, అది ఇలాగే నవ్వుతూ వేలు పెట్టుకుంటుంది. అప్పుడు నేనేం చెయ్యాలి?"

వీరలక్ష్మికి ఏజెంటు మాట గుర్తుంది, ఊరు గుర్తుంది, ఈ ఒక్క సంగతి ఇన్నాళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఆమె కూడా ఒక ఆడపిల్లకు తల్లే.

టికెట్ మాట మళ్లీ రాలేదు. మర్నాడు పొద్దున నజాత్ చెప్పింది క్లుప్తంగానే. శుక్రవారం సాయంత్రం వీరలక్ష్మికి సెలవు. భర్తతో ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లవచ్చు. ఇంటిపని మామూలే. కానీ ఇక మీదట పిల్లలతో బయటికి రానక్కర్లేదు. స్నానం, తిండి, నిద్ర తామే చూసుకుంటారు.

కిషన్ ఆ సంగతి విని చంకలు గుద్దుకున్నాడు. "జీత్‌గయే అన్నా! సెలవు గూడ దొరికె! వదినెకు నా తరఫున ఒక షవర్మా తినిపియ్యి."

కోరుకున్నదే దొరికింది. దొంగచాటు గంట కాదు, చెప్పుకోదగ్గ గంట. ఎండాకాలమంతా వాళ్లు రౌండబౌట్ దగ్గర పార్కు బెంచీ మీద కూర్చున్నారు. చెమటకు ఫోను చేతిలో జారేది, నెట్ తెగిపోయేది, స్పందన ముఖం సగంలో ఆగిపోయేది. అయినా పక్కపక్కనే కూర్చున్నారు. ఇంట్లో మాత్రం లుల్వా ఆమె వెనకాలే వంటింట్లోకి వస్తే, వెనక నుంచి తల్లి పిలుపు వచ్చేది. పిల్ల కొన్నాళ్లు గొడవ చేసింది, తరవాత రావడం మానేసింది. పాలల్లో ఖర్జూరం నానబెట్టి తినిపించడం వీరలక్ష్మి అలవాటు చేసింది. ఇప్పుడు ఆ గిన్నె నానబెట్టేది ఆమే, తినిపించేది ఇంకొకరు.

ఎండలు తగ్గాక ఫుడ్‌కోర్టు తెరిచారు. బుజ్జిబాబు ఆమెను లోపలికి తీసుకెళ్లి, ముందు కూర్చోకుండా మధ్యలో నిలబెట్టాడు.

"సూడు. ఆ వంపు ఉంది సూశావా, అల లాగ? దానికి బోర్డు తడిపి వంచాం. ఎక్కువ తడిపితే ఇరిగిపోద్ది, తక్కువైతే వంగదు. అతుకు ఎక్కడుందో చెప్పు సూద్దాం."

ఆమె వెతికింది. కనపడలేదు. నిజంగానే చాలా బాగా కుదిరింది.

"నువ్వు చేసింది ఇదొక్కటీ సరిగ్గా కుదిరింది" అంది.

"నిన్ను చేసుకోడం?"

"అది మీ అమ్మ చేసింది."

రెండు చాయ్‌లు తెచ్చాడు. పక్కపక్కన కూర్చుని స్పందనకు కాల్ చేశారు. ఆ పిల్ల సీలింగు చూపించమంది. బుజ్జిబాబు ఫోను పైకెత్తి తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. వీరలక్ష్మి చూపు మాత్రం జారుడుబల్లల వైపు పోయింది.

నజాత్ వాళ్లు అక్కడ ఉన్నారు. ఆమె చిన్నవాడికి ఏదో తినిపిస్తోంది. లుల్వా పరుగెడుతోంది, చెప్పు పట్టీ ఊడి నేల మీద ఈడుస్తోంది. వీరలక్ష్మి కుర్చీలోంచి సగం లేచింది.

"కూకో. ఇవ్వాళ నీకు డ్యూటీ లేదు" అన్నాడు బుజ్జిబాబు, అటు చూడకుండానే.

ఆమె కూర్చుంది. లుల్వా జారుడుబల్ల మెట్టు మీద ఆగి ఇటు చూసింది. ముఖమంతా వెలిగింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

వీరలక్ష్మి చెయ్యి తనంతట తానే పైకి లేచింది. దాన్ని దించి ఒళ్లో పెట్టుకుంది. లుల్వాను చూస్తూ వద్దని మెల్లగా తల అడ్డంగా ఊపింది. పిల్లకు అర్థం కాలేదు. వేలు అలాగే ఉంచి కాసేపు ఎదురుచూసింది. తరవాత వేలు తీసేసి, ఊడిన పట్టీతోనే తల్లి దగ్గరకు వెళ్లిపోయింది.

"అమ్మా, ఎటు చూత్తన్నావు?" అంది తెరలోంచి స్పందన. "కెమెరా వంక చూడు."

"చూత్తన్నానే" అంది వీరలక్ష్మి. బుజ్జిబాబు వైపు జరిగి, ఇద్దరి ముఖాలూ తెరలో పట్టేలా కూర్చుంది. ఆమె ముందు చాయ్ నిండుగా ఉంది. మీగడ కట్టింది.